తెలిసే తాగినా

ధర్మవరంలో బాలనాగమ్మను చెన్నకేశవులు భార్య అని ఎవరూ అనరు. చెన్నకేశవులునే బాలనాగమ్మ మొగుడు అంటారు. మగ్గం ముందు కూర్చుంటే ఆయనకు లోకం పట్టదు. మగ్గం మీంచి దిగిన చీరను మడతపెట్టి, మూటగట్టి, రైలెక్కి హిందూపురం బజారుకూ పెనుకొండ ఉద్యోగస్తుల ఇళ్లకూ తీసుకుపోయి అమ్ముకొచ్చేది ఆమె. నలభై దాటిన మనిషి. గట్టి గొంతు. మనసులో ఉన్న మాట నోట్లోకి రావడానికి ఆట్టే సేపు పట్టేది కాదు.

పెనుకొండలో ఆమె దగ్గర చీరలు తీసుకునేవాళ్లలో నర్సు ఎస్తేరమ్మ ఒకతె. పుట్టింది పాండిచ్చేరిలో, పెళ్లయి వచ్చింది పెనుకొండకు. మొగుడు పోయాక ఆసుపత్రిలో పని చేసుకుంటూ ఒంటరిగా ఉండేది. ధర్మవరం నేతగాళ్ల వీధిలో కాన్పు కష్టమైతే కబురు వెళ్లేది ఆమెకే. రైలు దిగి, తోలుసంచి పట్టుకొని గబగబా నడిచి వచ్చేది. బాలనాగమ్మ చిన్నకూతురి బిడ్డను బయటికి తీసింది కూడా ఆమె చేతులే. అప్పటినుంచి ఇద్దరూ అక్కా చెల్లీ అని పిలుచుకునేవాళ్లు.

1936లో, శ్రావణమాసం ముందు ఒకరోజు, బాలనాగమ్మ చీరల మూటతో ఎస్తేరమ్మ ఇంటికి వెళ్లేసరికి మధ్యాహ్నమైంది. ఎస్తేరమ్మ అన్నానికి కూర్చోబోతోంది. పళ్లెంలో అన్నం, చేపల పులుసు, పక్కన గాజుగ్లాసులో సగానికి ఏదో ఎర్రగా ఉంది.

"ఏంది చెల్లీ అది, దానిమ్మ రసమా?"

"కాదక్కా. వైను. ద్రాక్షపండ్లతో చేస్తారు. మా తమ్ముడు వచ్చినాడులే మొన్న, తెచ్చిచ్చి పోయినాడు." ఎస్తేరమ్మ గ్లాసు దాచుకోలేదు, కంగారుపడలేదు. "నీకు తప్పనిపిస్తే తీసేస్తా."

బాలనాగమ్మ చాపమీద కూర్చుంది. ఆమెకు తెలిసిన తాగుడు వేరు. చిన్నప్పుడు నాయన సారాయి తాగి వస్తే తల్లి పిల్లలను తీసుకొని పక్కింటి పంచకు పోయేది. చెన్నకేశవులు అంతటి మనిషి కాదుగానీ, జాతరకు పోయినప్పుడూ మంచి బేరం తగిలినప్పుడూ తాగి వచ్చి, గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఆ వాసనకు ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని వేరే గదిలో పడుకునేది. తాగడమంటే గబుక్కున గొంతులో పోసుకొని ఒళ్లు మరిచిపోవడమే అనుకునేది. ఇక్కడ ఒక ఆడమనిషి, కాళ్లు చేతులు కడుక్కొని, జడ వేసుకొని, పట్టపగలు అన్నంతోపాటు కాస్త కాస్తగా తాగుతోంది. మధ్యలో పులుసు కలుపుకుంటోంది. కూతురు ఎట్లుందని అడుగుతోంది.

"నీకు మత్తు ఎక్కదా?"

"ఈ గ్లాసుకా? ఇంకో రెండు తాగితే ఎక్కుతాది. నేను తాగను. ఇది దానికోసం కాదక్కా, రుచి కోసం."

రుచి కోసం అన్న మాట దగ్గర బాలనాగమ్మ ఆగిపోయింది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి మగవాళ్లకు వడ్డించి, పిల్లలకు పెట్టి, గిన్నెలో మిగిలింది తిన్న మనిషి. ఉప్పు సరిపోయిందా అని ఆమె అందరినీ అడిగింది. ఆమెను ఎవరూ అడగలేదు.

"నాకు కొంచెం పోయ్," అంది.

ఎస్తేరమ్మ ఆమె ముఖంలోకి చూసింది. "నిజంగానా?"

"నేనేమన్నా చిన్నపిల్లనా? పోయ్, చూద్దాం."

ఎస్తేరమ్మ ఇంకో గ్లాసు కడిగి తెచ్చి, అడుగున నాలుగు గుక్కలకు సరిపడా పోసింది. బాలనాగమ్మ వెంటనే నోట్లో పోసుకోలేదు. పట్టునూలు కొనేటప్పటి అలవాటు కొద్దీ ముందు కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుతురులో చూసింది. నడుమ నల్లటి ఎరుపు, గ్లాసు అంచు దగ్గర పలచగా తేలిపోయిన ఎరుపు. లక్కరంగులో ముంచి తీసిన తడి పట్టు ఎండకు పట్టుకుంటే అట్లాగే కనబడుతుంది.

"వాసన చూడక్కా ముందు. తొందర లేదు."

చూసింది. ఒళ్లు ముడుచుకుంటుందనుకుంది, సారాయి వాసనకు ముడుచుకున్నట్టు. అట్లా కాలేదు. నేరేడుచెట్టు కింద రాలి, వానకు తడిసి, చితికిన పండ్ల వాసన. దాని వెనకాల ఇంకేదో. కట్టెపేటిక మూత తెరిచినప్పుడు వచ్చే వాసన.

"ఇప్పుడు కొంచెం నోట్లో పెట్టుకో. మింగొద్దు. నాలుకంతా తిరగనీ. నచ్చకుంటే ఉమ్మేద్దువులే."

మొదట పులుపు తగిలింది. బాలనాగమ్మ కళ్లు చిట్లించింది. తరువాత నాలుక పక్కలనుంచి వగరు మెల్లగా పాకింది. నేరేడుపండు తిన్నాక నాలుక పట్టేసినట్టుండే వగరు కాదు అది, అంతకంటే మెత్తన. మింగింది. గొంతు మండలేదు. వెచ్చగా దిగింది. మింగేశాక కూడా నోట్లో పండు మిగిలే ఉంది, బాగా మాగిన కలివిపండు తిన్నట్టు.

రెండో గుక్క తీసుకుంది. ఎస్తేరమ్మ ఆమె చేతిలో పులుసన్నం ముద్ద పెట్టి, "ఇది తిని, మళ్లీ తాగు," అంది. ఆ కారం మీద తాగితే పులుపు తగ్గిపోయి పండు ముందుకొచ్చింది. బాలనాగమ్మకు నవ్వొచ్చింది.

"ఇది యాడ దొరుకుతాది? దొరలు తాగేదా?"

"దొరలది వేరేలే అక్కా, సీసా మీద బొమ్మలూ అక్షరాలూ ఉంటాయి. ఇది పీపాలో వస్తాది. మా పాండిచ్చేరిలో గుమస్తాలు, రంగులేసేవాళ్లు, జట్కా తోలేవాళ్లు, అందరూ అన్నంతోపాటు తాగేదే. మా తమ్ముడు పీపాలు దించే కొట్లో పని చేస్తాడు గదా, సీసాకు పట్టి తెస్తాడు. ద్రాక్షలో ఇదొక జాతంట. మెర్లో అంటారంట."

"మెర్లో," అంది బాలనాగమ్మ. నోట్లో ఆ పేరు కూడా రుచి చూస్తున్నట్టు ఇంకోసారి అంది. "జట్కావాడు తాగేదే ఇంత బాగుంటే, ఇన్నాళ్లూ మనం ఏం తాగినాం?"

పోతూపోతూ ఎస్తేరమ్మ ఒక సీసా ఇచ్చింది. చీరల మూటలో, మిగిలిన చీరల నడుమ పెట్టుకొని రైలెక్కింది.

దాచిపెట్టి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. సాయంత్రం ఆడవాళ్లందరూ పంచలో కూర్చొని పట్టు కండెలకు చుట్టుకుంటుంటే, బాలనాగమ్మే చెప్పింది. పెనుకొండలో కొత్త వంట తిని వచ్చినా, హిందూపురంలో కొత్త గాజులు చూసి వచ్చినా చెప్పినట్టే చెప్పింది. నాలుక మీద పులుపు ఎక్కడ తగిలింది, వగరు ఎప్పుడు వచ్చింది, కారం మీద తాగితే ఏమైంది, అన్నీ. కొందరు నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వారు. తోడికోడలు నాగేంద్రమ్మ మాత్రం నవ్వలేదు. రాట్నం ఆపి, "నువ్వు తాగినావా?" అని అడిగింది.

"తాగినా."

"కిరస్తానీ ఇంట్లోనా?"

"ఆమె ఇంట్లోనే. నీ కొడుకును భూమ్మీద వేసిన చేతులతోనే పోసింది."

ఆ మాట నాగేంద్రమ్మ మొగుడి చెవిన పడి, అక్కడినుంచి కులపెద్ద వీరభద్రయ్య దాకా పోయింది. మర్నాటికల్లా వీధంతా పాకింది. చౌడమ్మ గుడి ముందర పంచాయితీ అని కబురొచ్చింది.

ఆ పొద్దు వీరభద్రయ్య చెన్నకేశవులును పిలిపించి మెత్తగానే మాట్లాడాడు. అదంతా మోసుకొచ్చి చెన్నకేశవులు ఇంట్లో పెట్టాడు.

"దీన్ని పెద్ద తప్పుగా పట్టరంటనే. నువ్వు ఒక్క మాట అంటే చాలంట. అది సారాయని నాకు తెల్దు, రసమని చెప్పి ఆ నర్సమ్మ మోసం చేసి తాపింది, అను. పంచగవ్యం ఇస్తారు, పుచ్చుకో. అంతటితో సరి."

బాలనాగమ్మ రొట్టె తట్టడం ఆపింది. "ఆ మాటంటే ఎస్తేరమ్మ గతేంది?"

"ఆమెను ఇంక వీధిలోకి రానియ్యరు. ఆమెకేం, పెనుకొండలో పనుండాది."

"ఆమెకేం కాదు. రేపు కాన్పు అడ్డం తిరిగిన పిల్ల గతి చెప్పు."

చెన్నకేశవులు వంగి పొయ్యిలో కట్టె సర్దాడు. చివరికి, "పడుగు దారాలు సాగదీయాలంటే వీధి వీధంతా చేతులు కావాలబ్బా. వెలేస్తే మగ్గం ఎట్ల ఆడతాది?" అన్నాడు. గొంతులో కోపం లేదు, భయమే.

"ఎస్తేరమ్మ సంగతి అట్లుండనీ," అంది బాలనాగమ్మ. "ఆమె లేకున్నా నేను ఆ మాట అనను. నేను అడిగి పోయించుకున్నా. వెలుతురులో చూసి, వాసన చూసి తాగినా. నాకు నచ్చినాది. నా నోట్లో ఏం పోతాండాదో నాకు తెల్దని పదిమందిలో చెప్పుకోవాల్నా?"

పంచాయితీనాడు గుడి ముందర మగవాళ్లు జంపఖానా మీద కూర్చున్నారు. ఆడవాళ్లు ప్రహరీగోడ నీడన నిలబడ్డారు. వీరభద్రయ్య తల్లి పుట్టమ్మ ముందు వరసలో కర్ర పట్టుకొని కూర్చుంది. ఎనభై దాటిన మనిషి. వీధి మొత్తానికీ ఆమె అవ్వే. బాలనాగమ్మ ఉతికిన చీర కట్టుకొని, చేతిలో గుడ్డసంచితో వచ్చింది. వెనకనే చెన్నకేశవులు తల వంచుకొని వచ్చాడు.

"ఏమ్మా బాలనాగమ్మా," అన్నాడు వీరభద్రయ్య. "తెలిసో తెలియకో ఒక పొరపాటు జరిగింది. తెలియక జరిగిందని నువ్వు చెప్తే మేమందరం నమ్ముతాం."

"తెలిసే తాగినా అన్నా," అంది బాలనాగమ్మ.

గోడ దగ్గర గుసగుసలు లేచాయి. వీరభద్రయ్య గొంతు సవరించుకున్నాడు. "ఆ నర్సు రసమని చెప్పి ఇచ్చింది గదా?"

"లేదు. వైనని చెప్పి ఇచ్చింది. వద్దంటే తీసేస్తానని కూడా చెప్పింది. నేనే పోయమన్నా. బాగుండాది. ఇంకో సీసా తెచ్చుకున్నా గూడా."

మగవాళ్లలో ఒకడు ఎగిరి లేచాడు. "ఏమప్పా చెన్నకేశవులూ, పెండ్లాన్ని అదుపులో పెట్టుకునేది చాతకాదా నీకు?"

చెన్నకేశవులు తల ఎత్తాడు. ఆయన పదిమందిలో మాట్లాడ్డం ఆ వీధివాళ్లు ఎప్పుడూ వినలేదు. మాట తడబడింది, కానీ వచ్చింది.

"పోయిన జాతరలో నేను తాగి కాలవగట్టున పడిపోతే మీరే గదా మోసుకొచ్చి ఇంట్లో పడేసింది. ఆ పొద్దు నాకు పంచాయితీ పెట్టలేదే? వీరభద్రన్నా, మనమిద్దరం ఒకే దుకాణంలో, ఒకే ముంతలో తాగినాం గదన్నా. నీకు పంచగవ్యం ఎవరిచ్చినారు?"

గోడ నీడన ఎవరో కిసుక్కున నవ్వారు. వీరభద్రయ్య ముఖం ఎర్రబడింది. "మగోళ్ల సంగతి వేరు," అన్నాడు.

"ఎట్ల వేరు?" అంది బాలనాగమ్మ. సంచిలోంచి సీసా తీసింది, గాజుగ్లాసు తీసింది. అరుగు మీద పెట్టి, అందరూ చూస్తుండగానే సగానికి పోసింది. మధ్యాహ్నపు ఎండలో ఆ ఎరుపు నీడ అరుగు రాతిమీద పడింది. "చీర తప్పుబట్టాలంటే విప్పి చూస్తారు, చేత్తో పట్టి చూస్తారు. చూడకుండా ఇది చెడ్డదని ఎట్ల చెప్తారు? ఎవరన్నా ఒకరు రండి. రుచి చూసి, ఇది సారాయే, ఇది తాగితే ఇల్లు గుల్లవుతాదని చెప్పండి. అప్పుడు మీరు చెప్పిన శిక్షకు తల వంచుతా."

ఎవరూ కదల్లేదు. నోరూరినవాళ్లు కూడా కదల్లేదు. బాలనాగమ్మ గ్లాసు పక్కనే నిలబడింది. కాళ్లు కదలకూడదని నేలకు గట్టిగా తొక్కిపెట్టుకుంది.

కర్ర చప్పుడైంది. పుట్టమ్మ లేచింది.

"అమ్మా, నువ్వు కూచో," అన్నాడు వీరభద్రయ్య.

"ఊరుకోరా. నా కాలంలో బాలింతలకు సారాయిలో మిరియాలు వేసి తాపేవాళ్లు. నిన్ను కన్నప్పుడు నేనూ తాగినా. దానికంటే ఇది చెడ్డదేమో చూస్తా."

గ్లాసు రెండు చేతులతో పట్టుకొని ఒక గుక్క తాగింది. పళ్లు లేని నోట్లో అటూ ఇటూ తిప్పింది. మింగి, పెదాలు తుడుచుకుంది.

"వక్క నమిలినట్ల వగరు ఉండాది," అంది. "తరువాత పండు మాదిరి ఉండాది. సారాయి కాదురా ఇది. గొంతు కాల్లేదు." ఇంకో గుక్క తాగి, గ్లాసు బాలనాగమ్మ చేతికిచ్చింది. "బాగుండాది బిడ్డా."

అంతటితో పంచాయితీ ఆగిపోతుందని ఆడవాళ్లు అనుకున్నారు. వీరభద్రయ్య పట్టుదల అంతకంటే పెద్దది. పదిమందిలో ముఖం పోయిందన్న ఉక్రోషంతో అప్పటికప్పుడే తీర్పు చెప్పేశాడు. బాలనాగమ్మ ఇంటికి ఎవరూ పోకూడదు, వాళ్లను పెళ్లికీ పేరంటానికీ పిలవకూడదు, వాళ్ల పడుగుకు ఎవరూ చేయి వేయకూడదు. తప్పు ఒప్పుకునేదాకా ఇంతే.

బాలనాగమ్మ గ్లాసులో మిగిలింది తాగింది, నిదానంగా. సీసాకు బిరడా పెట్టి సంచిలో వేసుకుంది. "ఒప్పుకోను," అని చెప్పి ఇంటికి నడిచింది.

తరువాతి నెలలు సులభంగా గడవలేదు. పొద్దున లేస్తే పలకరించే ముఖాలు పక్కకు తిరిగేవి. నాగేంద్రమ్మ రెండిళ్ల నడుమ ఉన్న తలుపుకు గడియ వేసింది. తన దగ్గరే పెరుగుతున్న మనవడు వీధిలో ఆడుకోబోతే మిగతా పిల్లలను లోపలికి పిలిచేవాళ్లు. అది చూసిన రోజు బాలనాగమ్మ అన్నం తినలేకపోయింది. పొయ్యి ముందు కూర్చొని ఏడ్చింది. ఆ ఒక్క మాట అనేస్తే పోయేదేమో అని అనిపించింది కూడా. లేచి ముఖం కడుక్కొని, మూటగట్టుకొని, హిందూపురం పోయింది. అక్కడ ఆమెకు తెలిసిన కన్నడం మాట్లాడే నేతకుటుంబం ఒకటి ఉంది. వాళ్లను వెంటబెట్టుకొని వచ్చింది. తెల్లారేసరికి వీధి పొడవునా పడుగు సాగదీసి, ఆ కన్నడపు మనుషులు గట్టిగా నవ్వుకుంటూ, అరుచుకుంటూ గంజి పట్టిస్తుంటే, ధర్మవరం వీధి తలుపుల సందుల్లోంచి చూసింది. చెన్నకేశవులు మగ్గం ఆగలేదు.

పుట్టమ్మ కూడా ఆగలేదు. తీర్పు చెప్పిన మర్నాటినుంచి కర్ర పొడుచుకుంటూ వచ్చి బాలనాగమ్మ అరుగు మీద కూర్చునేది. కొడుకు మనుషులను పంపితే, "నేనూ తాగినా గదా? నన్నూ వెలేయమను. ఆమెకొక తీర్పు, నాకొక తీర్పా?" అని గట్టిగా అరిచేది. మధ్యాహ్నం అక్కడే తినేది. కులపెద్ద తల్లి వెలేసిన ఇంట్లో అన్నం తింటోందని ఊళ్లో నవ్వుకునేవాళ్లు. ఆమెను చూడ్డానికి వచ్చామని ఒక్కొక్క ఆడమనిషీ అరుగెక్కడం మొదలుపెట్టింది. అవ్వను చూడ్డానికి వస్తే తప్పేముంది?

దసరా పోయాక ఒక సాయంత్రం వీరభద్రయ్యే వచ్చాడు. లోపలికి రాలేదు. అరుగు కింద నిలబడ్డాడు.

"బాలనాగమ్మా, నాకూ విసుగొచ్చింది. పెండ్లిళ్లు వస్తాండాయి. మోసం చేసి తాపిందని అనొద్దులే. ఆ నర్సమ్మ పేరే ఎత్తొద్దు. తెలియక తాగినా అను. ఇంకేం వద్దు. నా మాట కూడా నిలబడాల గదా."

బాలనాగమ్మ ఆయన ముఖం చూసింది. నిజంగానే అలిసిపోయిన ముఖం. జాలి కలిగింది.

"కూచో అన్నా, మజ్జిగ ఇస్తా. ఆ మాట మాత్రం అననులే."

"ఒక్క మాటే గదమ్మా."

"ఒక్క మాటే. నీకు అంత అక్కర ఉంటే నువ్వే పదిమందిలో చెప్పు, ఆ తీర్పు తెలియక చెప్పినా అని."

వీరభద్రయ్య మజ్జిగ తాగకుండానే వెళ్లిపోయాడు. ఆ తీర్పును ఆయన ఎన్నడూ వెనక్కి తీసుకోలేదు. దాన్ని పట్టించుకునేవాళ్లూ మిగల్లేదు. కార్తీకంలో ఎదురింటి కోడలికి నొప్పులు మొదలై బిడ్డ అడ్డం తిరిగితే, ఆ పిల్ల అత్తే పరుగున వచ్చి పెనుకొండకు కబురు పంపమని బాలనాగమ్మను అడిగింది. ఎస్తేరమ్మ తోలుసంచితో వీధి నడుమనుంచే నడిచి వచ్చింది. ఎవరూ అడ్డం నిలబడలేదు.

ఉగాదికి బాలనాగమ్మ ఆమెను భోజనానికి పిలిచింది. ఎస్తేరమ్మ తమ్ముడు కదిరి మీదుగా వచ్చే బండిలో తెచ్చిన కొత్త సీసా పట్టుకొచ్చింది. లోపల కూర్చుందామంది ఎస్తేరమ్మ, ఎందుకొచ్చిన గొడవ అని. బాలనాగమ్మ వినలేదు. వీధి తలుపు బార్లా తెరిచి, పంచలోనే విస్తళ్లు వేసింది. పుట్టమ్మ అప్పటికే కూర్చుంది. మగ్గం మీంచి లేచి వచ్చిన చెన్నకేశవులు ఒక గుక్క తాగి, ముఖం వికారంగా పెట్టి, "ఇదేం పులుపు, దీనికోసమా ఇంత రభస?" అన్నాడు. అన్నం తినేసి మళ్లీ మగ్గం దగ్గరికి పోయాడు.

వీధిలో వీరభద్రయ్య పోతూ పోతూ ఆగాడు.

"రా అన్నా, పండగపూట, భోంచేద్దువు," అని పిలిచింది బాలనాగమ్మ. గ్లాసు చేతిలోనే ఉంది. కిందికి దించలేదు.

ఆయన తల్లిని చూశాడు, సీసాను చూశాడు. ముందుకు నడిచాడు.

బాలనాగమ్మ గ్లాసును వెలుతురుకు పట్టింది, వాసన చూసింది, కొంచెం నోట్లో పెట్టుకొని నాలుక మీద తిరగనిచ్చింది. నుదురు ముడిచింది.

"చెల్లీ, ఈ తూరి పీపా అంత బాగలేదే. పండు తక్కువుండాది, పులుపు ముందుకొస్తాండాది. మీ తమ్మునికి చెప్పు, ఇంకొంచెం చూసి తెమ్మని."